గాజుకు వెండి తొడుగు: ఒక సింహావలోకనం

వెండి అనగానే మన పల్నాడులో ముందు తక్కెడ బయటికి వస్తుంది. నరసరావుపేటలోనైనా, మాచర్ల, గురజాల బజార్లలోనైనా పాత వెండి చేతికివ్వగానే కంసాలి గీటురాయి మీద గీస్తాడు, తూకం వేస్తాడు, తరుగు తీసేస్తాడు, ఆనాటి ధరకు లెక్క కట్టి చెబుతాడు. పట్టీలకూ చెంబులకూ ఆ లెక్క న్యాయమైనదే. గాజు మీద వెండి తొడిగిన పాత ఫ్లవర్‌వాజుకు మాత్రం అది పనికిరాదు. తూచితే తూగేదంతా గాజే. గీస్తే ఉన్న పూత పోతుంది. కరిగిద్దామంటే గాజు పగిలిపోతుంది, చివరికి చేతికొచ్చే వెండి చిటికెడు. అందుకే ఇలాంటి వస్తువులు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత సామాన్ల బండికి ఊరికే పోతాయి. లేదంటే ఎవరో వచ్చి కోట్లు పలుకుతుందని చెబితే ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేస్తాయి. ఈ రెండూ నష్టమే. వాటి అసలు విలువ తెలియాలంటే లోహం గాజును ఎప్పుడు, ఎక్కడ, ఏ దారిన చేరిందో తెలియాలి. వస్తువు వయసు చెప్పేదీ, నకిలీని పట్టిచ్చేదీ ఆ రెండూ కలిసిన చోటే.

విలువైనదాన్ని లోహపు తొడుగులో దాచడం మన నేలకు కొత్త కాదు. మాచర్లకు దగ్గర్లోనే నాగార్జునకొండ ఉంది. ఇక్ష్వాకుల కాలపు అక్కడి మహాచైత్యాన్ని 1926లో గుర్తించిన తరువాత పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించినప్పుడు ధాతువు దొరికిన తీరు చూడండి: ఎముక ముక్క చిన్న బంగారు భరిణెలో, ఆ భరిణె స్తూపం ఆకారంలో చేసిన వెండి కరండంలో. భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు స్ఫటికపు భరిణె బయటపడింది. లోపలిది కనిపించాలన్న కోరికకు స్ఫటికం, భద్రంగా ఉండాలన్న కోరికకు లోహం. ఇక పూలకూజా ఆకారమైతే మన శిల్పులు రాతిలో ఎన్నిసార్లు చెక్కారో లెక్కలేదు. అమరావతి, నాగార్జునకొండ పలకల మీది పూర్ణఘటం ఈనాటి మన రాష్ట్ర చిహ్నంలోకి కూడా వచ్చింది. అదే కాలంలో, క్రీస్తు శకం 3, 4 శతాబ్దాల్లో, రోములో గాజు పనివాళ్లు పలచని బంగారు రేకును రెండు గాజు పొరల మధ్య పెట్టి అతికేవారు. ఆ రోముతో కృష్ణా తీరానికి వర్తకం ఉంది, నాగార్జునకొండలో రోమన్ నాణేలు దొరికాయి. గాజునూ బంగారాన్నీ ఒకే వస్తువులో కలపడం మనుషులకు ఇంత పాత ముచ్చట.

తెలుగు నేల మీద గాజు పని లేకపోలేదు. ఏర్పేడు దగ్గరి పాపానాయుడుపేటలో కరిగిన గాజును గొట్టంలా సాగదీసి, ముక్కలుగా కోసి పూసలు చేసే పాత పద్ధతి మన కాలం దాకా బతికే ఉంది. గాజుకు కావలసిన తెల్లటి సిలికా ఇసుక గూడూరు వైపు కోట, చిల్లకూరు ప్రాంతాల్లో పుష్కలం. గాజు కరగడానికి సోడా కలుపుతారు, అది నీటికి కరగకుండా గట్టిగా నిలవడానికి సున్నం కలుపుతారు. పిడుగురాళ్ల బట్టీల పక్కన పెరిగినవాళ్లకు ఆ సున్నం గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా మనవాళ్లు పూసల దగ్గరా గాజుల దగ్గరా ఆగారు, ఊది చేసే పెద్ద కూజాల దాకా పోలేదు. మొగలుల కాలంలో బంగారు మలాము దిద్దిన గాజు హుక్కా బుడ్లు ఉత్తరాదిన తయారయ్యాయి, అవి నవాబుల దివాణాలకే. పల్నాటి ఇళ్లలో చేరిన ఫ్లవర్‌వాజులు దాదాపు అన్నీ సముద్రం దాటి వచ్చినవే, లేదా స్వాతంత్ర్యానికి కాస్త ముందూ వెనకా ఫిరోజాబాదు నుంచి దిగినవి.

లోహం గాజును చేరిన దారులు ప్రధానంగా నాలుగు. పేర్లన్నిటినీ కలిపి ‘వెండి పూత’ అనేస్తే కథ అక్కడే చెడుతుంది.

మొదటిది గాజు లోపలి వెండి. 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టుస్ ఫాన్ లీబిగ్ వెండి ద్రావణం నుంచి గాజు మీద అద్దం లాంటి పొర దిగుతుందని గమనించాడు. అంతకు ముందు అద్దాలకు తగరం, పాదరసం వాడేవాళ్లు, ఆ ఆవిర్లతో పనివాళ్ల ఒళ్లు గుల్లయ్యేది. కొత్త పద్ధతిలో పాదరసం లేదు. బొహీమియా గాజు పనివాళ్లు దీన్ని వెంటనే అందిపుచ్చుకున్నారు. రెండు గోడల కూజాను ఊది, అడుగున చిన్న రంధ్రం వదిలి, దానిలోంచి వెండి ద్రావణం పోసి, గోడల మధ్య అంతా పట్టాక వంచేసి, రంధ్రానికి బిరడా వేసేవారు. లండన్‌లో ఎడ్వర్డ్ వార్నిష్, ఫ్రెడరిక్ హేల్ థామ్సన్ కలిసి 1849 డిసెంబరులో దీనికి పేటెంటు తీసుకున్నారు. 1851 మహా ప్రదర్శనలో వాళ్ల కూజాలు జనాన్ని ఆకట్టుకున్నాయి. ఫాదర్ హయ్యర్ గురజాలలో లూథరన్ మిషన్ పని మొదలుపెట్టిన కాలం కూడా సరిగ్గా అదే.

అంగళ్లలో ఈ రకాన్ని ‘మెర్క్యురీ గ్లాస్’ అంటారు గాని ఇందులో మెర్క్యురీ ఉండదు. దీన్ని అర్థం చేసుకోవడానికి మ్యూజియానికి పోనక్కర్లేదు. ఇంట్లో పగిలిన ఫ్లాస్కు ఉంటే దాని లోపలి గాజు బుడ్డిని జాగ్రత్తగా చూడండి. రెండు గోడలు, వాటి మధ్య ముఖం చూసుకునేంత మెరుపు, అడుగున మూసేసిన చిన్న తోక. అచ్చంగా అదే నిర్మాణం. 1892లో జేమ్స్ డ్యువార్ తన ప్రయోగాల కోసం గోడల మధ్య గాలి తీసేశాడు, ఆ తరువాత వెండి కూడా పట్టించాడు, అంతే తేడా. క్రిస్మస్‌కు రెంటచింతల చర్చీల్లోనూ ఇళ్లలోనూ వేలాడదీసే వెండి బంతులు కూడా, గాజువైతే, ఈ వంశానివే. జర్మనీలోని లౌషా ఊళ్లో బంతి లోపల వెండి నీళ్లు తిప్పి చేసేవారు. ఫ్లాస్కు బుడ్డి పగిలినప్పుడు ఆ వెండి నాలుగు రోజుల్లోనే మసకబారి నల్లమచ్చలు తేలడం మన ఇళ్లలో అందరూ చూసిందే. పాత మెర్క్యురీ కూజాకూ అదే జరుగుతుంది. అడుగు బిరడా ఊడిందా, గాలి లోపలికి పోతుంది, వెండి పొర పెచ్చులూడుతుంది. కాబట్టి దీన్ని చేతిలోకి తీసుకోగానే ముందు చూడవలసింది మెరుపును కాదు, అడుగును. బిరడా ఉందా? గాజుదా, లోహానిదా? దాని మీద వార్నిష్ పేరో హేల్ థామ్సన్ పేరో ‘పేటెంట్ లండన్’ అనో అచ్చు ఉందా? ఉంటే అది సామాన్యమైన వస్తువు కాదు. పైన నీలం, ఎరుపు, ఆకుపచ్చ గాజు పొర వేసి, ఆ పొరను చెక్కి లోపలి వెండి కనిపించేలా చేసినవైతే మరీ అరుదు. పేరు లేనివి ఎక్కువగా బొహీమియావి, వాటికీ విలువ ఉంది, మొదటివాటంత కాదు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో మెర్క్యురీ గ్లాస్ పేరుతో అమ్మేవి వేరు. ఒంటి గోడ గాజు, లోపల వెండిరంగు స్ప్రే, పాతదిగా కనిపించడానికి కావాలని చేసిన మచ్చలు. లోపల వేలు పెట్టి రాస్తే పూత తగులుతుంది. అసలుదానిలో మీ వేలికి నున్నటి గాజే తగులుతుంది, వెండి గోడల మధ్య ఉంటుంది. ఈ ఒక్క పరీక్షతో నూటికి తొంభై సందేహాలు తీరిపోతాయి.

రెండో దారి గాజు బయటి వెండి. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, మనిషి చేతి ఓపిక కళ్లెదుట కనిపించేది ఇందులోనే. 1840లో బర్మింగ్‌హామ్ ఎల్కింగ్టన్లు విద్యుత్తుతో వెండి పూత వేసే పద్ధతికి పేటెంటు పొందారు. కాని విద్యుత్తు గాజు గుండా పారదు, కనుక ఆ పద్ధతి గాజుకు నేరుగా పనికిరాలేదు. ఆ చిక్కు విప్పడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఇంగ్లండులో స్టీవెన్స్ అండ్ విలియమ్స్ కంపెనీ వాడుకున్న పద్ధతికి ఆస్కార్ పియర్ ఎరార్డ్ 1889లో, అమెరికాలో న్యూఆర్క్ ఊరికి చెందిన జాన్ షార్లింగ్ 1893లో పేటెంట్లు తీసుకున్నారు. ఇద్దరి కిటుకూ దాదాపు ఒకటే. వెండి పొడి కలిసిన లేపనంతో గాజు మీద లతలూ పూలూ చిత్రిస్తారు. దాన్ని కొలిమిలో సన్నని వేడి మీద కాలిస్తే లేపనం గాజుకు పట్టేస్తుంది. అప్పుడు కూజాను వెండి ద్రావణంలో ముంచి కరెంటు పంపితే, బొమ్మ గీసిన చోట మాత్రమే వెండి దిగుతుంది. గంటల తరబడి అలా ఉంచితే అది పూత స్థాయి దాటి రేకంత మందం అవుతుంది. తరువాత బయటికి తీసి, మెరుగుపెట్టి, నగిషీ పనివాడు ఉలితో ఆకు ఈనెలు, పూరేకుల మడతలు ఒక్కొక్కటీ చెక్కుతాడు. మన గుళ్లలో తలుపులకు వేసే వెండి తాపడాన్ని కొట్టి అతికిస్తారు, ఇక్కడ తాపడం గాజు మీదే పుట్టి పెరుగుతుంది. అమెరికాలో ఆల్విన్, గోర్హమ్, లా పియర్ కంపెనీలు దీనిలో పేరుపొందాయి. ఆల్విన్ వస్తువుల మీద 1000కి 999 పాళ్ల శుద్ధ వెండి అన్న ముద్ర కనిపిస్తుంది. విద్యుత్తుతో దిగిన వెండిలో కల్తీ ఉండదు గనుక అది మామూలు స్టెర్లింగ్ 925 కంటే మేలిరకం.

ఇందులో శిఖరం లాంటివి లోయెట్జ్ గాజు మీద వెండి తొడిగినవి. బొహీమియాలో క్లోస్టర్‌మ్యూలే అనే ఊళ్లో మాక్స్ ఫాన్ స్పాన్ నడిపిన ఆ కొలిమిలో వేడి గాజుకు లోహ లవణాల ఆవిరి పట్టించి నెమలి కంఠంలా రంగులు మారే కూజాలు చేసేవారు. 1900 పారిస్ ప్రదర్శనలో అవి గ్రాండ్ ప్రీ గెలిచాయి. వాటిలో కొన్ని అమెరికాకు వెళ్లి అక్కడ వెండి తొడుగు వేయించుకున్నాయి. ఒకే కూజాకు రెండు దేశాలు, రెండు చేతులు. అందుకే కూజా మీద వెండి కంపెనీ ముద్ర ఉండి గాజు కంపెనీ పేరు లేకపోతే కంగారు పడనక్కర్లేదు. గాజు ఎవరిదో దాని రంగే చెప్పాలి.

మూడో దారిని తొందరగా దాటవచ్చు. గాజును విడిగా చేసి, వెండి పూత పూసిన లోహపు చట్రంలో దించడం. జర్మనీలో గైస్లింగెన్ ఊళ్లో 1880లో ఏర్పడిన డబ్ల్యు.ఎం.ఎఫ్. కంపెనీ ఇలాంటివి లెక్కలేనన్ని చేసింది. పొడవు జుట్టు స్త్రీలు, మెలికలు తిరిగిన తీగలు, మధ్యలో ఆకుపచ్చ గాజు గొట్టం. చట్రం నుంచి గాజు ఊడివస్తుంది, కనుక గాజు పగిలి వేరేది పెట్టారేమో చూడాలి. చట్రంలో వదులుగా ఆడుతుంటేనో, చట్రం అంచు ఎత్తుకు సరిపోకపోతేనో అది తరువాత పెట్టినదే. అసలు గాజు ఉన్న చట్రానికీ, మార్చిన గాజు ఉన్న చట్రానికీ ధరలో తేడా పెద్దది.

నాలుగోదానికి మన దేశంలో మంచి అధ్యాయమే ఉంది. వేడి గాజు మీద ఇనుము, తగరం లవణాలు చల్లితే నూనె తెట్టు మీద ఎండ పడ్డట్టు రంగులు లేస్తాయి. ఖరీదైన టిఫనీ, లోయెట్జ్ గాజుల మెరుపును సామాన్యుడి అందుబాటులోకి తేవడానికి అమెరికాలో ఫెంటన్ కంపెనీ 1907లో అచ్చు గాజు మీద ఈ పని మొదలుపెట్టింది. తరువాత దానికి ‘కార్నివాల్ గ్లాస్’ అని పేరు స్థిరపడింది. 1930ల్లో ఫిరోజాబాదులోని జైన్ గ్లాస్ వర్క్స్ దీన్ని మన దేశంలో తయారుచేసింది. బంతిపూవు రంగు మెరుపుతో ఏనుగు తొండం చుట్టుకున్న కూజా, చేప మెలితిరిగిన కూజా, చెయ్యి పట్టుకున్నట్టుండే కూజా వాళ్లవే. కొన్నిటి అడుగున ‘జైన్’ అని అచ్చులోనే పడి ఉంటుంది. ఈ కూజాలను ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియాల్లో కార్నివాల్ గాజు సేకరించేవాళ్లు ఇప్పుడు వెతుక్కుంటున్నారు. ఇక్కడ మాత్రం అగరొత్తులు గుచ్చే బుడ్డిగానో, ప్లాస్టిక్ పూలు పెట్టే కూజాగానో అవి ఇప్పటికీ కనిపిస్తాయి. మన దేశపు కొలిమిలో, మన దేశపు ఏనుగును అచ్చు పోసి చేసిన వస్తువు విలువ మనకంటే పరాయివాళ్లకు ముందు తెలియడం బాధ కలిగిస్తుంది. పల్నాటి ఇళ్లలో ఏదైనా ఒకటి పోనివ్వకుండా కాపాడుకోవాలంటే నేను ముందు దీన్నే చెబుతాను.

ఫిరోజాబాదు ఎదుగుదల వెనక స్వదేశీ ఉద్యమం ఉంది. 19వ శతాబ్దం చివర బొహీమియాలోని యాబ్లోనెట్స్ నుంచి గాజులూ పూసలూ మన దేశానికి దండిగా దిగేవి. తిలక్ ప్రోత్సాహంతో తళేగావ్‌లో 1908లో పైసా ఫండ్ గాజు ఫ్యాక్టరీ వచ్చింది, 1916లో ఓగలే గ్లాస్ వర్క్స్ మొదలై దాని ప్రభాకర్ లాంతర్లు దేశమంతా తిరిగాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడలు ఆగిపోవడంతో దేశీ కొలిములకు ఊపిరి వచ్చింది. యుద్ధం ముగిసిన 1918లోనే చెకోస్లోవేకియా అనే కొత్త దేశం పుట్టింది. కూజా అడుగున ఆ పేరు కనబడితే అది 1918కి ముందుది కానేకాదు. పుల్లరి కట్టమన్నందుకు తిరగబడ్డ పల్నాడులో కన్నెగంటి హనుమంతు నేలకొరిగిన 1922 ఫిబ్రవరికి ఆ దేశం వయసు నాలుగేళ్లయినా నిండలేదు. తాతముత్తాతల కాలం నాటిదని, నూటయాభై ఏళ్లదని చెప్పే కూజా అడుగున చెకోస్లోవేకియా పేరుంటే ఆ మాట అక్కడికి తేలిపోయినట్టే. అలాగే అమెరికా 1890లో తెచ్చిన సుంకాల చట్టం దిగుమతి వస్తువుల మీద దేశం పేరు వేయాలంది. కనుక దేశం పేరు ఉన్న కూజా చాలామటుకు 1891 తరువాతిది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అన్న ముద్ర రెండో ప్రపంచ యుద్ధం తరువాతి కొద్ది సంవత్సరాలదే.

ముద్రల విషయంలో మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది ‘సిల్వర్’ అన్న మాట దగ్గర. ఈ.పీ.ఎన్.ఎస్. అని ఉంటే నికెల్ సిల్వర్ మీద విద్యుత్ పూత అని అర్థం. నికెల్ సిల్వర్ అన్నా, పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులుగా ఇప్పుడు విరివిగా ఇస్తున్న జర్మన్ సిల్వర్ అన్నా రాగి, నికెల్, జింకు మిశ్రమమే. అందులో వెండి ఉండదు, పైన పూస్తే తప్ప. అసలు ఇంగ్లీషు వెండికి నడుస్తున్న సింహం ముద్ర ఉంటుంది. పక్కన లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినట్టు, ఒక అక్షరం ఉంటే అది సంవత్సరం చెబుతుంది. చిన్న భూతద్దం, ఓపిక ఉంటే ఇవి ఎవరైనా చదవవచ్చు.

కూజాను కిటికీ దగ్గర పగటి వెలుగులో పెట్టి చూస్తే ఇంకా చాలా తెలుస్తుంది. గాజు మీద వెండి లతలు ఉన్నదైతే గోరును అంచు మీదుగా మెల్లగా నడపండి. పాత తాపడం అంచు దగ్గర గోటికి చిన్న మెట్టు తగులుతుంది. ఈ మధ్య అచ్చుకొట్టిన వెండిరంగు బొమ్మైతే గోరు జారిపోతుంది. నగిషీ గీతలను భూతద్దంతో చూస్తే ఉలి వెండిని కోసిన చోటు లోతుగా, గీత చివర సన్నగా తేలి ఉంటుంది, ఒక ఆకుకూ ఇంకో ఆకుకూ చిన్న తేడా కనిపిస్తుంది. యంత్రం అచ్చులో ఆకులన్నీ ఒకటే. పారదర్శకమైన గాజైతే కూజా నోట్లోంచి చూసి వెండి వెనక వైపు ఎలా ఉందో గమనించండి. కాల్చిన లేపనం మీద పెరిగిన వెండి వెనక వైపు మెరుపు లేకుండా మసకగా కనబడుతుంది. తరువాత కూజాను తిప్పి అడుగు చూడండి. ఊదిన గాజుకు ఇనప కడ్డీని అతికి విరిచిన మచ్చ ఉంటుంది, లేదా దాన్ని అరగదీసిన గుండ్రని గుంట ఉంటుంది. అచ్చు పోసిన గాజుకు పక్కల సన్నటి అతుకు గీత కనిపిస్తుంది. వంద ఏళ్లు బల్ల మీద జరిగిన కూజా అడుగు అంచున అన్ని వైపులకూ తిరిగిన సన్నటి గీరలు ఉంటాయి. ఒకే దిక్కుగా ఉన్న గీరలైతే గరుకు కాగితం పని. బరువు కూడా చెబుతుంది. ఇంగ్లీషు గాజులో సీసం ఎక్కువ, చేతికి బరువుగా ఉంటుంది. అడవుల బూడిద వాడిన బొహీమియా గాజు అంతకంటే తేలిక.

ఇంకో చిన్న సాధనం ప్రతి బజారులో ఉంది. దొంగనోట్లు పట్టడానికి కొట్లలో పెట్టుకునే ఊదారంగు లైటు కింద కొన్ని పాత పసుపు, ఆకుపచ్చ గాజులు ఆకుపచ్చ రంగులో గట్టిగా వెలుగుతాయి. అది గాజులో కలిపిన యురేనియం. 1830ల నుంచి బొహీమియాలో రీడెల్ కుటుంబం దీనికి పేరు తెచ్చింది. వెలిగినంత మాత్రాన వంద ఏళ్లదని తీర్పు చెప్పలేం, ఈ గాజు తరువాత కూడా చేశారు. వేరే ఆనవాళ్లతో కలిపితేనే దీనికి బలం.

ఇలాంటివి ఎన్నో ఒక్కచోట చూసి కంటికి అలవాటు చేసుకోవాలంటే మనకు దగ్గరి దారి సాలార్‌జంగ్ మ్యూజియం. నడికుడి మీదుగా సికింద్రాబాద్ పోయే రైలెక్కితే చాలు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1914లో దివాన్ పదవి వదిలేశాక 1949లో చనిపోయేదాకా సేకరణలోనే బతికాడు. ఆయన సేకరణ 1951 డిసెంబరులో దివాన్ దేవిడీలో మ్యూజియంగా తెరుచుకుంది, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారింది. వెనిస్, బొహీమియా, ఫ్రాన్స్, ఇంగ్లండు, ఐర్లండు గాజు అక్కడ గదుల నిండా ఉంది. అక్కడే బిద్రీ పని కూడా ఉంది, నల్లటి జింకు లోహంలో వెండి తీగను పొదిగిన హుక్కా బుడ్లు, సురాహీలు. బిద్రీ వెండి అంచునూ గాజు మీది వెండి అంచునూ ఒకే రోజు చూసినవాళ్లకు పొదగడానికీ తొడగడానికీ తేడా జన్మలో మరిచిపోనంత బాగా పడుతుంది. దుర్గి రాతి శిల్పులు ఉలి పట్టే పద్ధతి చూసిన మన కుర్రవాళ్లకైతే ఆ నగిషీ చదవడం ఇంకా సులువు.

ఇక ధర. వెండి తూకం ఇక్కడ ఆఖరి మాట కూడా కాదు. ముందు గాజు ఎవరిదన్నది, తరువాత రంగు. తెల్లని గాజు మీద వెండి లతలు అందరికీ దొరికేవి. ఆకుపచ్చ గాజు మీదివి మేలు, కెంపు ఎరుపు, ముదురు నీలం మీదివి ఇంకా మేలు, రంగులు మారే లోయెట్జ్ మీదివి అన్నిటికంటే పైన. ఆ తరువాత వెండి ఎంత మేర పరుచుకుంది, నగిషీ ఎంత లోతు, ముద్ర ఉందా లేదా అన్నవి. దెబ్బల లెక్క కఠినంగా ఉంటుంది. గాజులో బీట ఉంటే ధర సగానికి కాదు, ఇంకా కిందికి పడిపోతుంది, ఎందుకంటే బీటను ఎవరూ బాగుచేయలేరు. వెండి కింద దాగిన బీటలు మరీ ప్రమాదం. తట్టి చూసే కంటే లోపల చిన్న టార్చి పెట్టి చూడటం మేలు. పేరు చెక్కిన పొడి అక్షరాలు మామూలుగా ధర తగ్గిస్తాయి, ఆ అక్షరాలు తెలిసిన వంశానివని కాగితం ఉంటే పెంచుతాయి. ఆన్‌లైన్‌లో ఎవరో రాసుకున్న ధర చూసి లెక్క వేసుకోవద్దు. అడిగిన ధర వేరు, పలికిన ధర వేరు. వేలం కంపెనీలు అమ్ముడుపోయిన ధరలను ప్రచురిస్తాయి, వాటిలో మీ కూజా ఎత్తూ రంగూ ముద్రా కలిసినవి చూస్తేనే ఒక అంచనా వస్తుంది. ఆ అంచనాలో వేలం వాళ్ల కమీషనూ రవాణా ఖర్చూ పోనిచ్చాక అమ్మేవాడి చేతికి వచ్చేదే నిజమైన ధర.

ధరను చేజేతులా పాడుచేసేది శుభ్రం చేయడం. ఇత్తడికి చింతపండు, వెండికి విభూతి మన ఇళ్లలో తరతరాల అలవాటు. గాజు మీది పలచని వెండికి రెండూ శత్రువులే. పండగ పండగకూ తోమితే నగిషీ అరిగి చదునైపోతుంది. గంధకం సోకి వెండి నల్లబడితే మెత్తని బట్టతో పైపైన తుడవడం చాలు, గీతల లోతులో మిగిలిన నలుపు పనితనాన్ని ఇంకా బాగా చూపిస్తుంది. మెర్క్యురీ కూజాలో నీళ్లు పోసి పూలు పెట్టవద్దు. వీధుల్లో కళాయి వేసేవాళ్లు నవాసారం చల్లి, తగరం రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పి పాత ఇత్తడి గిన్నెకు కొత్త ప్రాణం పోసేవారు. అది వంట గిన్నెకు వైద్యం. పాత కూజాకు కొత్త పూత వేయిస్తే మాత్రం అది పాతది కాకుండా పోతుంది.

పాత వస్తువుల పేరుతో మన రాష్ట్రాల్లో జరుగుతున్న ‘రైస్ పుల్లింగ్’ మోసం గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. పాత రాగి చెంబుకు బియ్యపు గింజలను లాగే శక్తి ఉందని, అందులో ఇరిడియం ఉందని, విదేశీ కంపెనీలు కోట్లు ఇస్తాయని నమ్మించి, పరీక్షల ఖర్చనీ అడ్వాన్సనీ లక్షలు గుంజుకునే ముఠాలు ఏళ్లుగా పోలీసులకు చిక్కుతూనే ఉన్నాయి. బియ్యాన్ని లాగే లోహం లేదు. ఇనుప రజను పూసిన గింజలను అయస్కాంతం లాగుతుంది, అంతే. ఈ మోసం నిలబడేది ఒక్కచోట: పాత వస్తువు విలువ దానిలోని రహస్య శక్తిలో ఉందన్న నమ్మకం మీద. విలువ పనితనంలో ఉంటుందని, దాన్ని పగటి వెలుగులో ఎవరైనా చూడవచ్చని తెలిసిన ఇంట్లో ఆ ముఠాకు కుర్చీ దొరకదు. పూలకూజా కొనడానికి వచ్చినవాడు ముందుగా మీ దగ్గరే డబ్బు అడిగితే అతను కొనడానికి రాలేదని అర్థం. నిధుల కోసం పాత గుళ్లూ కోటలూ తవ్వేవాళ్లూ ఈ కోవలోనివాళ్లే. భూమిలో దొరికినది 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం కిందికి వస్తుంది, కలెక్టరుకు తెలియజేయాలి.

ఇంట్లో వారసత్వంగా వచ్చిన కూజాను దాచుకోవడానికి ఆ భయం లేదు. కాని అమ్మేటప్పుడు 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం గుర్తుంచుకోవాలి. 1976 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఈ చట్టం ప్రకారం చరిత్ర, కళ పరంగా విలువ కలిగి వంద ఏళ్లకు తక్కువ కాని వస్తువు పురావస్తువు. దాని వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, దేశం దాటించడం మామూలు మనిషికి నిషిద్ధం. అమెరికాలో ఉన్న పిల్లలకు సూట్‌కేసులో పెట్టి పంపడం కూడా దాటించడమే. వంద ఏళ్లు నిండని వస్తువైతే అది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ ధ్రువపత్రం ఇస్తుంది, విమానాశ్రయంలో అడిగితే చూపాల్సింది ఆ కాగితమే. 1920ల నాటి చెకోస్లోవేకియా కూజాలు ఇప్పుడు ఒక్కొక్క ఏడే వంద దాటుతున్నాయి. నిరుడు ఆ ధ్రువపత్రం వచ్చి ఉండే కూజాకు ఈ ఏడు రాకపోవచ్చు. అందుకే అడుగు ముద్రను, అంచును, మొత్తం ఆకారాన్ని ఫొటో తీసి, ఎవరు ఎప్పుడు ఎక్కడ కొన్నారో ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగలిగినప్పుడే అడిగి, తేదీ వేసి రాసి ఫొటోతో కలిపి పెట్టాలి. ఆ కాగితాన్ని కూజాలో మాత్రం పెట్టవద్దు, ఇంటి దస్తావేజులతో పాటు ఉంచండి.